పదహారు పౌండ్ల పంతం

బౌలింగ్ బంతిని నీళ్ళ తొట్టిలో వేస్తే మునుగుతుందా, తేలుతుందా? ఏ బంతి అన్నదాన్ని బట్టి ఉంటుంది. 13 పౌండ్లది మునుగుతుంది, 11 పౌండ్లది తేలుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే, ఎందుకంటే బరువు ఎంతైనా అడ్డుకొలత సుమారు ఎనిమిదిన్నర అంగుళాలే. అంత గుండు పక్కకు నెట్టే నీటి బరువు లెక్క కడితే 12 పౌండ్లకు కాస్త తక్కువ వస్తుంది. అంతకన్నా తేలికైన బంతి తేలక తప్పదు.

అంటే తేలిక బంతి చిన్న బంతి కాదు. అదే పరిమాణంలో లోపలి సరుకు మారిన బంతి. కొనేవాళ్ళు చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. బరువు అంకె ఒక్కటే చూసి, 16 పౌండ్లు మోయగలిగితే మగతనం, 12కి దిగితే చేతకానితనం అనుకుంటారు. 16 పౌండ్లంటే 7.26 కిలోలు. మగవాళ్ళ షాట్‌పుట్ ఇనుపగుండు బరువు సరిగ్గా అంతే. బౌలింగ్ నియమాల్లో బంతికి అది గరిష్ఠ హద్దు మాత్రమే. కనీస హద్దంటూ లేదు, 6 పౌండ్ల బంతులూ దొరుకుతాయి.

ఈ పంతానికి ఒకప్పుడు అర్థం ఉండేది. 1895లో న్యూయార్క్‌లో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఏర్పడి ఆటకు ఒక చట్రం బిగించేనాటికి బంతులు కొయ్యవి. లిగ్నమ్ విటే అని, కరీబియన్ ప్రాంతపు చెట్టు. నీళ్ళలో మునిగేంత చేవగల కలప. ఓడ ప్రొపెల్లర్ ఇరుసులకు బేరింగులుగా కూడా వాడేవారు. 1905లో గట్టి రబ్బరు బంతి వచ్చింది. 1914లో బ్రన్స్‌విక్ కంపెనీ మినరలైట్ అనే రబ్బరు బంతిని తెచ్చాక కొయ్య బంతి మూలపడింది. కొయ్యయినా రబ్బరైనా లేన్ మీద పెద్దగా పట్టు దొరికేది కాదు. పిన్నుల్ని పడగొట్టే పనిలో బరువుదే పెత్తనం.

పట్టు కోసం వెతుకులాట పాలియెస్టర్ బంతులతో మలుపు తిరిగింది. 1973లో డాన్ మెక్యూన్ అనే ప్రొఫెషనల్ ఆటగాడు తన ప్లాస్టిక్ బంతిని మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకంలో నానబెట్టాడు. పైపొర మెత్తబడింది, లేన్‌ను కరుచుకుని మలుపు తిరగసాగింది. ఆ ఏడాది ఆయన ఆరు టైటిళ్ళు గెలిచి, ఆ ఏటి మేటి ప్రొఫెషనల్ ఆటగాడు అనిపించుకున్నాడు. చూసినవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ నానబెట్టడం మొదలెట్టారు. మండే స్వభావమున్న ద్రావకమది, పైగా ఘాటు. చివరికి బంతి గట్టిదనానికి కనీస హద్దు పెట్టాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో ఈ బంతి చరిత్రలో అసలు మలుపు ఇదే. గుండు బరువు కాదు, చర్మం గెలిపిస్తుందని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ తరవాత 1980ల మొదట్లో యురేథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెసిన్ వచ్చాయి. పైపొరతో పాటు లోపలి కోర్ ఆకారం మీదా కసరత్తు సాగింది. సౌష్ఠవం లేని వంకర కోర్లతో మో పినెల్ అనే డిజైనర్ పేరు మోగింది.

ఇప్పుడు లేన్ మీదకి వద్దాం. ఫౌల్ లైన్ నుంచి ముందు పిన్నుకు 60 అడుగులు. మొదటి 40 అడుగులు, కాస్త అటూ ఇటూగా, నూనె పూసి ఉంటుంది. బంతి అక్కడ జారుతుంది, నూనె అయిపోగానే పట్టు దొరికి మలుపు (హుక్) తిరుగుతుంది, ఆ పైన సాఫీగా దొర్లుతుంది. ఆ హుక్‌కు కావలసిన ఘర్షణ బలం బంతి బరువుకు అనులోమంగా పెరుగుతుంది. నిజమే, కానీ కదలించాల్సిన ద్రవ్యరాశీ అంతే పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. పైపొర ఒకటే, కోర్ తీరు ఒకటే, విసిరిన వేగమూ తిప్పుడూ ఒకటే అయితే 12 పౌండ్ల బంతి, 16 పౌండ్ల బంతి దాదాపు ఒకేలా మలుపు తిరగాలి. ముందు పిన్నును తాకేదాకా బరువుకు చెప్పుకోదగ్గ పనే లేదు.

తాకాక మాత్రం ఉంది. క్యారమ్ బోర్డులో తేలిక స్ట్రైకర్ కాయను కొట్టి తానే పక్కకు పోవడం చూశాం కదా, ఇదీ అంతే. పిన్ను బరువు సుమారు మూడున్నర పౌండ్లు. ఆదర్శ ఢీ అనుకుని లెక్కిస్తే, ఒక పిన్నును ఓరగా కొట్టిన 16 పౌండ్ల బంతి దారి గరిష్ఠంగా 12.6 డిగ్రీలు తప్పుతుంది. 14 పౌండ్లదైతే 14.5. 12 పౌండ్లదైతే 17. 10 పౌండ్లదైతే 20.5. గమనించండి, రెండేసి పౌండ్లు తగ్గించిన కొద్దీ నష్టం పెరుగుతోంది. 16 నుంచి 14కి దిగితే పోయేది రెండు డిగ్రీల లోపే. 12 నుంచి 10కి దిగితే మూడున్నర.

వేగం పెంచితే సరిపోదా అంటారు. 14 పౌండ్ల బంతిని ఏడు శాతం వేగంగా వేస్తే 16 పౌండ్ల బంతి గతిశక్తి వచ్చేస్తుంది, తేలిక బంతితో అదేమీ కష్టం కాదు. కానీ పై కోణాలు వేగం మీద ఆధారపడవు, ద్రవ్యరాశుల నిష్పత్తి మీదే ఆధారపడతాయి. కుడిచేతి ఆటగాడి మంచి స్ట్రైక్‌లో, అంటే పది పిన్నులూ ఒకే దెబ్బకు పడ్డప్పుడు, బంతి స్వయంగా తాకేది 1, 3, 5, 9 పిన్నుల్నే, మిగతావాటిని పిన్నులే పడగొడతాయి. బంతి దారి తప్పితే 5 నిలబడిపోతుంది. లేదా 6వ పిన్ను నీరసంగా గట్టర్‌లో వాలి, పక్కనున్న 10 చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

దీనికి మందు ప్రవేశ కోణం. సుమారు 6 డిగ్రీల కోణంలో పాకెట్‌లోకి, అంటే 1, 3 పిన్నుల మధ్యకు, వస్తే స్ట్రైక్ అవకాశాలు ఎక్కువ. లేన్ వెడల్పు మూడున్నర అడుగులే కాబట్టి తిన్నగా వేసిన బంతికి 2 డిగ్రీలు కూడా రావు. హుక్ కావాలి, హుక్ బరువు మీద ఆధారపడదని ఇప్పుడే చూశాం.

మరి తేలిక బంతులకు చెడ్డపేరు ఎందుకొచ్చింది? తయారీ వల్ల. చాలా కంపెనీలు 14, 15, 16 పౌండ్లకు ఒకే కోర్ ఆకారం వాడతాయి. 12, 13కి వచ్చేసరికి వేరే కోర్, 10, 11కి మరీ మామూలు కోర్ పెట్టేస్తుంటాయి. పెట్టె మీద పేరు అదే, రంగు అదే, ఆట వేరు. కొందరు 12 దాకా అసలు ఆకారాన్నే ఉంచి, సాంద్రత సర్దుతారు. మీరు వెతకాల్సింది అలాంటిది. ఇక హైదరాబాద్ మాల్స్‌లో అంకెలు వేసి వరసగా పెట్టిన రంగురంగుల బంతులంటారా, అవి సాధారణంగా పాలియెస్టర్‌వి. వాటితో 10, 14 పోల్చి తేలిక బంతి పనికిరాదని తీర్పు చెప్పడం అన్యాయం. పైగా వాటి బొటనవేలి రంధ్రం వదులు, జారకుండా పిడికిలి బిగించాల్సి వస్తుంది. చేతికి కొలిచి తొలిచిన 14, వదులుగా ఉన్న 12 కన్నా తేలిగ్గా అనిపిస్తుంది.

కాబట్టి 16 మోస్తూ మూడో గేమ్‌కు మణికట్టు పట్టేస్తున్నవాళ్ళు 14కి నిర్భయంగా దిగండి. భుజం మొరాయిస్తే 12 కూడా మేలే, కాకపోతే రియాక్టివ్ పైపొర, మంచి కోర్ ఉన్నది చూసుకోండి. అంతకు దిగువన హుక్ కన్నా గురి మీద ఆధారపడాలి. ప్రకటనల్లో కోర్ అంకెలు మామూలుగా 15 పౌండ్ల బంతివి ఇస్తారు. పట్టికలో మీరు కొనే బరువు వరసలో ఏమి రాసుందో చూసి, డబ్బు ఆ తరవాతే కట్టండి.