హరిపుర పటములు

రాజకీయ సభ యనగానే గోడలపై నాయకుల ముఖములు, నినాదములు వెలయుట పరిపాటి. 1938లో గుజరాతునందలి హరిపురమున జరిగిన కాంగ్రెసు మహాసభకు గాంధీజీ కోరికపై నందలాల్ బోసు, ఆయన శిష్యులు సిద్ధపరచిన పటములు వేరు. దూదేకువాడు, డోలు వాయించువాడు, దుక్కి దున్నువాడు, వడ్లు దంచు స్త్రీలు, బిడ్డ నెత్తుకొన్న తల్లి: వీరే అందలి నాయకులు. చేతితో చేసిన కాగితముపై మట్టిరంగులు, జంకులేని బలమైన రేఖ! స్వరాజ్య మెవరికొరకో తీర్మానములకంటె ఈ పటములే పల్లీయునకు సూటిగ తెలిపియుండును.

అయినను ఒక వెలితి కలదు. శరీరము లన్నియు పుష్టిగ నున్నవి; పని యంతయు పండుగవలె నున్నది. అంతకు పది సంవత్సరములకు పూర్వము, 1928లో, సమీపమునందలి బార్డోలీ రైతులు హెచ్చించిన శిస్తు చెల్లింప నిరాకరించి, భూములు, పశువులు జప్తు కాగా సహించిరి. మనకు తెలిసిన హరిపుర పటములలో ఆ రైతు ముఖము కానరాదు.