ఆటుపోట్లు: చంద్రుడి లెక్క



వేసవిలో యానాం దగ్గర గోదావరి గట్టున ఒక పూట కూర్చుని చూడండి. అంతవరకు సముద్రం వైపు పారుతున్న నీరు ఒక వేళకు నిలిచిపోతుంది. కాసేపటికి ఎగువకు మళ్ళుతుంది. రేవు మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి. పోటు వచ్చిందంటారు పడవవాళ్ళు. ఆరు గంటలు గడిచాక ఆ నీరే తీసిపోతుంది. అది ఆటు.

దీనికంతటికీ ముఖ్య కారణం చంద్రుడి ఆకర్షణ. మరి చంద్రుడు లాగితే నీరు అతని వైపే కదా పొంగాలి, రోజుకు రెండు పోట్లు ఎందుకని మీరు అడగవచ్చు. దగ్గరున్న దాని మీద ఆకర్షణ ఎక్కువ, దూరమున్న దాని మీద తక్కువ. చంద్రుడికి ఎదురుగా ఉన్న నీరు భూమి కంటె కాస్త ఎక్కువగా లాగబడి ఉబ్బుతుంది. అవతలి వైపు నీటిమీద ఆ లాగుడు భూమి మీద కంటె తక్కువ. కనుక ఆ నీరు వెనకబడి అక్కడా ఉబ్బుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేసరికి మన తీరానికి ఈ రెండు ఉబ్బులూ తగులుతాయి.

ఈలోగా చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు. అందుకే ఈరోజు ఉదయం 6 గంటలకు వచ్చిన పోటు రేపు 6 గంటల 50 నిమిషాలకు వస్తుంది. పాత లెక్కలో చెప్పాలంటే రోజుకు సుమారు రెండు గడియల ఆలస్యం.

సూర్యుడూ నీటిని లాగుతాడు. కాని చంద్రుడి కంటె దాదాపు 390 రెట్లు దూరాన ఉన్నాడు కాబట్టి పోటు మీద అతని బలం చంద్రుడి బలంలో సగం కూడా ఉండదు. అమావాస్యకు, పౌర్ణమికి ఇద్దరి బలమూ కలుస్తుంది. ఆ రోజుల్లోను, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పెద్ద పోట్లు. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ చెరొక దిక్కుగా లాగుతారు కనుక పోటు మందగిస్తుంది.

చంద్రుడు ఒక్కడే అయినా పోటు అన్ని ఊళ్ళలో ఒక్కటిగా ఉండదు. తీరం వంపు, సముద్రం లోతు దాన్ని మారుస్తాయి. కాకినాడ వైపు పెద్ద పోటుకు, ఆటుకు మధ్య తేడా సుమారు మీటరున్నర. ముంబయిలో అది నాలుగు మీటర్ల దాకా పోతుంది. ఒడిశాలోని చాందీపూర్‌లో ఒడ్డు బల్లపరుపు. అక్కడ ఆటు వేళ సముద్రం సుమారు 5 కిలోమీటర్లు వెనక్కి పోతుంది.

ఇక అసలు సంగతి. తుఫాను హెచ్చరికలో “మామూలు పోటు మట్టం కంటె రెండు మీటర్ల ఎత్తున ఉప్పెన” అని వింటుంటారు. ఉప్పెన పోటు కాదు. అది గాలి తోసుకొచ్చే నీరు. ఆ రెండు మీటర్లూ అప్పటికి ఉన్న పోటు మీద అదనం. పోటు వేళ వస్తే, ఆటు వేళ వచ్చేదాని కంటె నీరు రొమ్ములోతు ఎక్కువ కావచ్చు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది మందిని పొట్టన పెట్టుకున్నది ఉప్పెన నీరే. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను యానాం వారికి గుర్తుండే ఉంటుంది.

ఆటు వేళే కదా అని మాత్రం ఇంట్లో ఉండిపోకండి. తుఫాను నాలుగైదు గంటలు ఆలస్యమైతే ఆటు కాస్తా పోటవుతుంది. చంద్రుడు వేళ తప్పడు, తుఫానుకు వేళంటూ లేదు. హెచ్చరిక వినగానే మెరక చేరండి.