ఱొమ్ములో చీము

వికారాబాదునకు చేరువనున్న అనంతగిరి కొండలమీద నిజాము పాలనాకాలమున క్షయరోగులకై వైద్యాలయము నెలకొల్పబడిన సంగతి మన సోదరీమణు లనేకు లెఱుగుదురు. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడువఱకు క్షయకు సరియైన మందు లేకుండెను. కావున మూసీనది పుట్టిన యా యడవిగాలియే యానాడు ఔషధముగ నెంచబడెను. మంచిగాలి యెన్నడును మంచిదే. కాని ఱొమ్ములో చీము పట్టిన పిదప గాలివలన నది నయము గాదు. ఆ వ్యాధినిగూర్చి నేడు కొంత వ్రాయదలచితిమి.

ఊపిరితిత్తులపైనను, ప్రక్కటెముకల లోపలివైపునను పలుచని పొరలు గలవు. ఆ రెంటి నడుమ కొంచెము తేమ యుండి, అవి యొరసికొనకుండ నూనెవలె పనిచేయును. న్యుమోనియా వచ్చినపు డా సందున నీరు చేరవచ్చును. అందు రోగక్రిములు ప్రవేశించినచో నీరు చీముగ మాఱును. వైద్యులు దీనిని ఎంపయీమా యందురు. మొదట పలుచగనున్న చీము క్రమముగ చిక్కబడి గదులు గదులుగ విడిపోవును. కడపట దళమైన తొడుగేర్పడి ఊపిరితిత్తి విప్పారనేరదు. జాగు సేసినకొలది చికిత్స కఠినమగును.

దీనిని మొట్టమొదట పసిగట్టవలసినది ఇంటి యిల్లాలే. న్యుమోనియాకు మందు వాడుచున్నను రెండు మూడు దినములలో జ్వరము తగ్గకున్నను, తగ్గి మరల వచ్చినను, ఊపిరి పీల్చినపుడు ఒక ప్రక్క పొడిచినట్లు నొప్పి యున్నను సంశయింపవలయును. బిడ్డ డొక్క లెగురవేయుచు పాలు మానినను, పెదవులు నీలిబాఱినను తెల్లవాఱువఱకు ఆగరాదు.

కురుపులోని చీము వెలికి రానిదే మానదని మన పెద్దలెఱుగుదురు. ఇచటను అదియే న్యాయము. వైద్యులు ఎక్సురే, అల్ట్రాసౌండు పరీక్షలు చేసి, సూదితో కొంత నీరు తీసి పరీక్షింతురు. చీమున్నచో ప్రక్కటెముకల నడుమ గొట్టము నమర్చి, దాని కొనను సీసాలోని నీటియందు ముంచియుంతురు. చీమును గాలియు వెలికి వచ్చును గాని, బయటి గాలి లోనికి పోజాలదు. ఈ పద్ధతిని జర్మను వైద్యుడు బ్యూలౌ 1891లో ప్రకటించెను. సీసా ఎల్లపుడు రోగి ఱొమ్ముకంటె క్రిందుగ నుండవలయును. దానిని పైకెత్తరాదు. గొట్టముతోపాటు క్రిములను చంపు మందులు కొన్ని వారములు వాడవలయును. చీము గదులు కట్టినచో వానిని కరగించు మందు నెక్కింతురు, లేదా చిన్న రంధ్రములద్వారా శస్త్రచికిత్స చేయుదురు.

1918లో అమెరికా సైనిక శిబిరములయందు ఈ వ్యాధిచే నూటికి సుమారు 30 మంది మరణించిరి. తొందరపడి ఱొమ్మును తెఱచి చీము తీయుటయే ముఖ్యకారణమని ఇవార్ట్సు గ్రాహము మున్నగు వైద్యులు కనుగొనిరి. గాలి చొరకుండ చీము తీసి, రోగికి బలమైన ఆహార మిచ్చిన పిదప మరణములు మిక్కిలి తగ్గినవి. ఆ రెండవ పని మన వంటయింటిది. 2022లో భౌగోళిక గుర్తింపు నందిన తాండూరు కందుల పప్పు, గ్రుడ్లు, పాలు, పెరుగు రోగికి బలమిచ్చును. పథ్యమని చెప్పి జబ్బుమనిషిని పస్తుంచుట తగదు.

మన దేశమున ఱొమ్ములో నీరు చేరుటకు క్షయయు తఱచు కారణమగును. తాండూరువంటి చోట్ల బండలు కోయువారు, నున్నచేయువారు పీల్చు రాతిదుమ్ములో సిలికా యున్నచో నది క్షయకు దారిదీయును. క్షయకు మందులు కనీసము ఆఱు నెలలు విడువక వాడవలయును. అవి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ లభించును. పోషణకై 2018 నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలును ఈయబడుచున్నవి. దగ్గు తగ్గినదని నడుమ మానినచో క్రిములు మందునకు లొంగక మొండిబాఱును.

శిశువులకు న్యుమోనియాను నివారించు టీకా 2017లో ప్రభుత్వ కార్యక్రమమున చేరి, 2021లో దేశమంతట విస్తరించినది. 6 వారములకు, 14 వారములకు, 9 నెలలకు దానిని మఱువక వేయించుడు.

సోదరీమణులారా! బిడ్డకు ఆయాసము వచ్చిన తల్లి పరుగిడును. తనకు ప్రక్కనొప్పి వచ్చినపుడు మాత్రము “పనివలన వచ్చినది, అదే పోవును” అని కొంగు బిగించి పొయ్యివద్ద నిలుచును. ఇట్టి యోర్పు సుగుణము గాదు. దాగిన చీము ఇల్లాలియందైనను, బిడ్డయందైనను ఒకే తీరున కీడు చేయును. మీ జ్వరమునుగూడ లెక్కపెట్టుకొనుడు. మీ నొప్పినిగూడ ఇంటివారికి చెప్పుడు.