బిగుసుకునే నడుము – కరిగిపోయే కండ

కైవారం కొండను చూపించి, భీముడు బకాసురుణ్ణి చంపినది యిక్కడేనని పిల్లలకు చెప్పని తెలుగు యిల్లు చింతామణి తాలూకాలో వుండదు. ఏకచక్రపురమే కైవారమని పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన మాట. భీమలింగేశ్వరుని గుడి కూడా అక్కడే వున్నది. బలమంటే మన పిల్లలకు మొదట తెలిసేది భీముని బలమే. అయితే ప్రతి సీమలోనూ వున్నట్లే యీ సీమలోనూ, పాతికేళ్ళ వయసులోనే తెల్లవారి మంచం దిగలేక గోడ పట్టుకొని నిలబడే వారున్నారు. వారిని యింట్లోవాళ్ళు సోమరులంటారు. వీధిలోవాళ్ళు నడుము పట్టిందంటారు. ఆ నొప్పి వెనుక జబ్బు ఏమిటో, అది కండబలాన్ని ఎట్లా తినివేస్తుందో చదువరులకు మనవి చేయదలచినాము.

జబ్బు ఏమిటి?

దీనికి వైద్యులు పెట్టిన పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. తేలిక మాటల్లో చెప్పాలంటే వెన్నెముకకు వచ్చే వాపు జబ్బు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి దారి తప్పి, వెన్ను కటి ఎముకతో కలిసే కీళ్ళమీద, వెన్నుపూసల మీద పడుతుంది. ఏళ్ళు గడిచిన కొద్దీ కొందరిలో పూసలు ఒకదానితో ఒకటి అతుక్కొని, వెన్ను వెదురు గడలాగా బిగుసుకుంటుంది. 19వ శతాబ్దం చివర రష్యాలో బెఖ్తెరెవ్, జర్మనీలో ష్ట్రుంపెల్, ఫ్రాన్సులో పియర్ మరీ దీనిని వర్ణించినారు. హెచ్.ఎల్.ఏ.–బి27 అనే వంశపారంపర్యపు గుర్తుకు, దీనికి గల సంబంధం 1973లో తెలిసినది. ఆ గుర్తు వున్నంత మాత్రాన భయపడనక్కరలేదు. అది వున్నవారిలో చాలామందికి యీ జబ్బు రానే రాదు.

మామూలు నడుము నొప్పికి, దీనికి తేడా యిట్లా కనిపెట్టవచ్చును. మామూలు నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. యిది తిరగబడిన వరస. పడుకుంటే పెరుగుతుంది, నడిస్తే సర్దుకుంటుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది. లేచిన తరువాత అరగంటకు పైగా ఒళ్ళు పట్టేసినట్లుంటుంది. సాధారణంగా 45 సంవత్సరాల లోపే మొదలై, మూడు నెలలు దాటినా వదలదు. కొందరికి కన్ను ఎర్రబడి నొప్పి పెడుతుంది. అప్పుడు కంటి వైద్యుని దగ్గరకు ఆలస్యం లేకుండా పోవలెను. యిది మగవారి జబ్బని చాలాకాలం అనుకున్నారు గాని, ఆడవారికీ వస్తుంది. వారిలో గుర్తించడమే ఆలస్యమవుతున్నది.

కండ ఎందుకు కరుగుతుంది?

జబ్బు ఎముకది కదా, కండకేమి అని అడగవచ్చును. కారణాలు మూడు. మొదటిది, వాపు సమయంలో రక్తంలో తిరిగే కొన్ని పదార్థాలు కండలోని మాంసకృత్తులను కరిగిస్తాయి. రెండవది, నొప్పికి జడిసి మనిషి కదలడం మానేస్తాడు. వాడని కండ వాడని బావిలాగా పూడిపోతుంది. మూడవది, చికిత్స పేరుతో వాడే కొన్ని మందులు. చెప్పని పొట్లాలలో, బిళ్ళలలో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం మన దేశంలో పరీక్షలలో బయటపడిన సంగతే. అవి రెండు రోజుల్లో నొప్పిని మాయం చేస్తాయి. నెలల తరబడి మింగితే కండను కరిగించి, ఎముకను గుల్ల చేస్తాయి.

2006లో బ్రిటన్‌కు చెందిన పరిశోధకులు, యీ జబ్బు బాగా ముదిరిన కొద్దిమందిని పరీక్షించి, వారి కాళ్ళు చేతుల కండ ఆరోగ్యవంతుల కంటె తక్కువగా వున్నదని, బలమూ తగ్గినదని ప్రకటించినారు. తరువాత జరిగిన పరిశోధనలన్నీ కండ కొలతపై ఒకే మాట చెప్పలేదు. కొందరిలో కండ పరిమాణం మామూలుగానే వుండి, బలం మాత్రం తక్కువగా కనిపించినది. అందుచేత కండ ఎంత వున్నదన్న దానికంటె, అది ఎంత పని చేస్తున్నదన్నదే ముఖ్యం.

కాటా చెప్పని మాట

ఒక మనిషి పదేళ్ళ క్రితం 60 కిలోలు తూగినాడు, నేడూ 60 కిలోలే తూగుతున్నాడు. ఏమీ మారలేదని యింట్లో సంతోషిస్తారు. కాని కండ 5 కిలోలు తగ్గి, కొవ్వు 5 కిలోలు పెరిగినా కాటా అదే అంకె చూపుతుంది. పైగా మన దేశస్థులలో, అదే ఎత్తూ బరువూ గల ఐరోపావారి కంటె కొవ్వు పాలు ఎక్కువని పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్ మొదలైనవారు చూపించినారు. చేతులు కాళ్ళు సన్నబడి పొట్ట ముందుకు వస్తున్నదంటే, బరువు సరిగానే వున్నా జాగ్రత్తపడవలెను. కండ తరుగును వైద్యులు సార్కోపీనియా అంటారు. ఆ పేరు 1989లో పుట్టినది.

ఆసియా దేశాల వైద్యుల బృందం 2019లో కొన్ని హద్దులు చెప్పినది. పిడికిలి బలం కొలిచే పరికరంలో మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కంటె తక్కువ వస్తే బలహీనతే. యింట్లో చేయదగ్గ పరీక్ష కూడా వున్నది. చేతులు రొమ్ముపై కట్టుకొని, కుర్చీలోనుంచి అయిదుసార్లు లేచి కూర్చోవలెను. అందుకు 12 సెకండ్లు, అంతకు పైగా పడితే వైద్యునికి చెప్పవలెను. గోడకు మడమలు, వీపు ఆనించి నిలబడినప్పుడు తల గోడకు తగులుతున్నదా అన్నదీ నెలకొకసారి చూసుకొనవచ్చును.

నీళ్ళ జబ్బా, కీళ్ళ జబ్బా?

మన సీమలో మరొక చిక్కున్నది. బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో పలు బోరు నీళ్ళలో ఫ్లోరైడు హద్దు మీరి వున్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 1.5 దాటితే తాగరాదని భారత ప్రమాణం. అట్టి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వెన్ను బిగుసుకొని, చూపుకు అచ్చంగా యీ జబ్బులాగానే వుంటుంది. యీ నీళ్ళ జబ్బును మన దేశంలో మొదట వివరంగా ప్రకటించినది 1937లో, తెలుగు సీమ అయిన నెల్లూరు జిల్లానుంచే. 1955లో నల్లగొండ గురించి ప్రచురణ వచ్చినది.

రెండింటికీ వైద్యం వేరు కనుక తేడా తెలియవలెను. నీళ్ళ జబ్బులో చిన్ననాటినుంచి పళ్ళపై మచ్చలు, గారలు వుండవచ్చును. అదే నీళ్ళు తాగిన యిరుగుపొరుగువారికీ బాధ వుంటుంది. ముంజేతి రెండెముకల నడుమ పొర గట్టిపడడం ఎక్స్‌రేలో కనపడుతుంది. వాపు జబ్బు అయితే ఒక యింట్లో ఒకరికి రావచ్చును, మేనమామకో తండ్రికో వున్నట్లు తెలియవచ్చును. ఫ్లోరైడు నీళ్ళను కాచితే దోషం పోదు, నీరు ఆవిరై గాఢత యింకా పెరుగుతుంది. వాన నీళ్ళు పట్టుకోవడమో, శుద్ధి చేసిన నీళ్ళు తాగడమో చేయవలెను.

మురుగమల్ల దర్గాకు, ముక్తీశ్వరుని గుడికి మతభేదం లేకుండా జనం వస్తారు. మొక్కుబడి మానమని మేము చెప్పము. మొక్కుతోపాటు ఎముకలు కీళ్ళ వైద్యుని దర్శనం కూడా చేసుకొమ్మని మాత్రం మనవి. పలు దేశాల లెక్కల్లో యీ జబ్బు తేలడానికి సగటున ఆరేడు సంవత్సరాలు పడుతున్నది. పోయిన కండ, బిగిసిన వెన్ను అన్నేళ్ళు ఆగవు.

ఏమి చేయవలెను?

వాపు తగ్గించే బిళ్ళలు వైద్యుని సలహాపై వాడవలెను. వాటితో లొంగకపోతే, 2000 తరువాత వచ్చిన సూదిమందులున్నవి. వాటికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. బీడీ, సిగరెట్టు మానవలెను.

మందుతో సమానమైనది వ్యాయామం. నార్వే, స్వీడన్ దేశాలలో 100 మంది రోగులతో జరిపిన పరిశోధన 2020లో వెలువడినది. మూడు నెలలపాటు వారానికి మూడుసార్లు గట్టి వ్యాయామం చేసినవారిలో జబ్బు తీవ్రతే తగ్గినది. రైతు కుటుంబాలలో, రోజంతా కష్టపడుతున్నాము గదా అంటారు. వంగి 15 కిలోల టమాటా పెట్టె ఎత్తడం కష్టం గాని వ్యాయామం కాదు. వెన్ను నిటారుగా పెట్టి లేచి కూర్చోవడం, మెట్లెక్కడం, రొమ్ము విప్పారేటట్లు దీర్ఘంగా ఊపిరి పీల్చడం, చురుకుగా నడవడం వ్యాయామం. కొద్దికొద్దిగా పెంచుకొనవలెను. వెన్ను బాగా బిగిసినవారు మెడను, నడుమును విసురుగా తిప్పరాదు. అట్టి ఎముక చిన్న పాటుకే విరగవచ్చును.

కండకు ముడిసరుకు మాంసకృత్తులు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు కావలెను. 100 గ్రాముల రాగిపిండిలో 7 గ్రాములే వుంటాయి. సున్నం మాత్రం 360 మిల్లీగ్రాములకు తక్కువ కాదు. అందుచేత రాగిముద్ద ఒక్కటే చాలదు. 100 గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాములు, ఒక కోడిగ్రుడ్డులో 6 గ్రాములు. ముద్దకు ఉలవచారో, పితికిన పప్పో తోడు పెట్టిన మన అవ్వలు తెలిసిన వారే. చారు పలుచన చేసి పప్పును తగ్గించడం మన కాలపు పొరపాటు. మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం వైద్యుని అడిగి తినవలెను.

మీ యింట్లో పొద్దున్నే నడుము పట్టుకొని లేచే కుర్రవాడున్నాడా, అమ్మాయి వున్నదా? మందలించే ముందు ఒక్క ప్రశ్న వేయండి: 'నడిస్తే తగ్గుతుందా, పడుకుంటే తగ్గుతుందా?' నడిస్తే తగ్గుతుందంటే, ఆ వారమే వైద్యునికి చూపించండి.