వేల్స్‌లో నేను నేర్చుకున్న మాట

2009లో ఉద్యోగరీత్యా కార్మార్థెన్‌షైర్ వచ్చేనాటికి వేల్స్ అంటే ఇంగ్లండులో ఓ మూల అనే నా అభిప్రాయం. మొదటి వారంలోనే ఒక పేషెంటుతో మాటవరసకు "మీ ఇంగ్లీషువాళ్ళు" అన్నాను. ఆయన నవ్వుతూనే, "డాక్టరుగారూ, మేము ఇంగ్లీషువాళ్ళం కాము" అని సరిదిద్దారు. నా చదువు అక్కడ మొదలైంది.

తమ దేశాన్ని వాళ్ళు 'కమ్రి' అంటారు. తోటివాళ్ళ నేల అని అర్థం. 'వేల్స్' పొరుగువాళ్ళు పెట్టిన పేరు. దానికి మూలమైన పాత ఇంగ్లీషు మాటకు 'పరాయివాళ్ళు' అని అర్థం. సొంత గడ్డ మీదే పరాయివాళ్ళన్నమాట!

మనకు ఇంటిపేర్లు వేలల్లో ఉంటే, ఇక్కడ జోన్స్, డేవిస్, విలియమ్స్, ఎవాన్స్‌లతోనే ఊరంతా సరిపెట్టుకుంటారు. అందుకే పాలుపోసే జోన్స్‌గారు 'జోన్స్ ద మిల్క్' అవుతారు. నోరు తిరగని నా పేరుకు బదులు వెనకాల ఏమని పిలుచుకుంటారో నేనడగలేదు.

కవిత్వమంటే వీళ్ళకు ప్రాణం. ఏటా ఆగస్టులో జరిగే జాతీయ ఐస్టెద్‌వొడ్ ఉత్సవంలో ఛందోబద్ధంగా రాసి గెలిచిన కవిని కుర్చీలో కూర్చోబెట్టి సన్మానిస్తారు. పాదంలో హల్లులు ఒక వరసలో తిరిగి రావాలన్న వాళ్ళ నియమం వింటే మన యతిప్రాసలే గుర్తొచ్చాయి.

ఇంత ప్రేమించిన భాషకే ఒకప్పుడు శిక్ష పడింది. పంతొమ్మిదో శతాబ్దంలో కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క తగిలించేవారు. వాడు ఇంకొకణ్ణి పట్టిస్తే అది వాడి మెడకు మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. ఇది విని నేను ఆశ్చర్యపోలేదు. నేను చదివిన కాన్వెంటులో తెలుగు మాట్లాడితే అర్ధరూపాయి జరిమానా.

1966లో మా కార్మార్థెన్ నుంచే పార్లమెంటుకు గెలిచిన గ్విన్‌వోర్ ఎవాన్స్, వెల్ష్ టీవీ చానల్ ఇస్తామన్న మాట ప్రభుత్వం తప్పితే ఆమరణ నిరాహారదీక్షకు దిగుతానని 1980లో ప్రకటించారు. ప్రభుత్వం దిగివచ్చింది. 1982లో చానల్ వచ్చింది. మన పొట్టి శ్రీరాములుగారికి ఆ అదృష్టం లేదు. 1952లో ఆయన ప్రాణం పోయాకగాని ఢిల్లీ కదలలేదు.

ఇదంతా నాకు పుస్తకజ్ఞానంగానే ఉండేది, ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళేదాకా. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళలో కొందరికి తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. అక్కడొక పెద్దావిడ నన్ను చూస్తూ "దూర్, దూర్" అంటోంది. దూరంగా పొమ్మంటోందేమో అనుకుని ఓ అడుగు వెనక్కి వేశాను. పక్కనున్న నర్సు గబగబా గ్లాసు తెచ్చి తాగించింది. వెల్ష్‌లో 'దూర్' అంటే నీళ్ళు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలందరూ వెల్ష్ నేర్వాల్సిందే కాబట్టి మా పదకొండేళ్ళ అమ్మాయికి వెల్ష్ వచ్చు. తెలుగే రాదు. ఇంగ్లీషు వెనకబడుతుందని ఇంట్లో తెలుగు మానిపించింది నేనే. నా మెడలో ఏ చెక్కముక్కా లేదు, అయినా ఆ పని చేశాను. రేపు నేను మంచం పట్టి "మంచినీళ్ళు" అంటే ఎవరికి అర్థమవుతుంది?

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయికి ఆ మాట నేర్పాను. ఈ ఉగాది నుంచి ఇంట్లో రోజూ భోజనాల దగ్గర తెలుగే మాట్లాడాలని అనుకున్నాం. మీ ఇళ్ళలోనూ మొదలుపెట్టండి.