నేలమాళిగ డీహ్యూమిడిఫయరు

డీహ్యూమిడిఫయరు అనేది గదిలోని గాలి నుండి తేమను తొలగించే విద్యుత్ పరికరం. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాలలోని పలు ఇళ్ళకు నేలమట్టానికి దిగువన నేలమాళిగ, అనగా బేస్‌మెంటు, ఉంటుంది. వేసవిలో బయటి వెచ్చని గాలి ఇందులో చేరి చల్లబడినప్పుడు దాని సాపేక్ష ఆర్ద్రత పెరుగుతుంది. దీనివలన బూజు పట్టి కలప, పుస్తకాలు, బట్టలు పాడవుతాయి. ఉబ్బసం ఉన్నవారికి బాధ ఎక్కువ కావచ్చు. ఇంటిలోని సాపేక్ష ఆర్ద్రత 60 శాతం కంటే తక్కువగా, వీలైతే 30-50 శాతం మధ్య ఉండాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది.

తేమకు మూలం

యంత్రాన్ని కొనే ముందు తేమ ఎక్కడి నుండి వస్తున్నదో తెలుసుకోవాలి. ఒక ప్లాస్టిక్ పలకను గోడకు అంటించి, అంచులన్నీ టేపుతో మూసి, ఒకటి రెండు రోజుల తరువాత పరిశీలిస్తారు. పలక వెనుక తడి ఉంటే నీరు గోడ గుండా వస్తున్నదని, పై భాగాన ఉంటే గాలిలోని తేమ అని భావించవచ్చు. వర్షపు నీరు గోడల్లోకి ఊరుతుంటే మొదట దానిని అరికట్టాలి. ఆ పని యంత్రం వలన కాదు.

రకాలు

కంప్రెసరు రకంలో గాలి చల్లని లోహపు చుట్టల మీదుగా పోయి, అందులోని ఆవిరి నీరుగా మారి తొట్టిలో పడుతుంది. ఎయిర్ కండిషనరు వేడిని ఇంటి బయటకు పంపుతుంది. ఈ యంత్రం మాత్రం గదిలోకే వదులుతుంది. చల్లని గదులలో చుట్టలపై మంచు పేరుకొనే అవకాశం ఉన్నందున, దానిని తనంతట తానే కరిగించుకొనే ఏర్పాటు అవసరం. రెండవ రకంలో సిలికా జెల్ వంటి పదార్థం తేమను పీల్చుకుంటుంది. ఇది చలిలోనూ పనిచేస్తుంది కాని సాధారణంగా ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది.

సామర్థ్యం

అమెరికాలో సామర్థ్యాన్ని రోజుకు తొలగించే నీటి పింట్లలో తెలుపుతారు. ఒక అమెరికన్ పింటు సుమారు 473 మిల్లీలీటర్లు. 2019కి ముందు ఈ యంత్రాలను 80 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద పరీక్షించేవారు. 2019లో దానిని నేలమాళిగల వాస్తవ స్థితికి దగ్గరగా ఉండే 65 డిగ్రీలకు మార్చారు. చల్లని గాలిలో ఆవిరి తక్కువగా ఉంటుంది కనుక, పాత లెక్కలో 70 పింట్ల యంత్రం కొత్త లెక్కలో సుమారు 50 పింట్లది అవుతుంది. పాత యంత్రాన్ని కొత్తదానితో పోల్చేటపుడు ఈ తేడాను గమనించాలి.

తొట్టి నిండగానే యంత్రం ఆగిపోతుంది. కాబట్టి నేలలోని తూముకు గొట్టం కలపగల నమూనా మేలు. తూము ఎత్తులో ఉంటే నీటిని పైకి తోడే పంపు కావాలి. ఒక కిలోవాట్-గంటకు తొలగించే నీరు ఎన్ని లీటర్లన్నది విద్యుత్ పొదుపుకు కొలమానం.

భద్రత

ఈ యంత్రాలు మనుషులు లేని గదిలో రాత్రింబవళ్ళు నడుస్తాయి కనుక నమ్మకమైనది అనగా ముందుగా సురక్షితమైనది. చైనాకు చెందిన గ్రీ సంస్థ తయారుచేసి, పలు వాణిజ్య నామాలతో అమ్ముడైన సుమారు 22 లక్షల డీహ్యూమిడిఫయర్లను అగ్నిప్రమాద కారణంగా 2013లో అమెరికాలో వెనక్కు పిలిపించారు. లోపాన్ని సకాలంలో తెలియజేయనందుకు ఆ సంస్థపై 2016లో 1.545 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఒకే కర్మాగారపు యంత్రాలు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతాయి. అందువలన పేరును మాత్రమే చూడక, యంత్రంపై ముద్రించిన నమూనా సంఖ్యను వెనక్కు పిలిచిన వస్తువుల జాబితాతో సరిచూడాలి. పాత యంత్రాన్ని కొనేవారికి ఇది మరింత ముఖ్యం. యంత్రాన్ని ఎక్స్‌టెన్షన్ తీగతో కాక నేరుగా గోడలోని సాకెట్టుకే కలపాలి. గాలి వడపోత జల్లెడను తరచు శుభ్రపరచాలి.