తీగ కింద రైలు, గాలిలో దుమ్ము

రైళ్ల వల్ల గాలి రెండు విధాలుగా పాడవుతుంది. ఇంజన్ గొట్టంలోంచి వచ్చే పొగ ఒకటి. పట్టాల వెంట, సరుకు ఎత్తి దించే చోట లేచే దుమ్ము రెండోది. మన రైల్వే మొదటిదాన్ని చాలావరకు వదిలించుకుంది. రెండోది మొండిది.

ఇంధనానికి సరిపడా గాలి అందనప్పుడు డీజిల్ పొగ నల్లబడుతుంది. 1960ల నుంచి వారణాసిలో తయారైన ఆల్కో రకం ఇంజన్లు ఇందుకు పేరుమోసినవి. లోకో పైలట్ నాచ్ (ఇంజన్ శక్తిని పెంచే మీట మెట్టు) పెంచగానే సిలిండర్లలో డీజిల్ ఎక్కువగా పడుతుంది. గాలిని లోపలికి నెట్టే టర్బోచార్జర్ మాత్రం కాస్త ఆలస్యంగా వేగం అందుకుంటుంది. ఈలోగా సగం కాలిన ఇంధనం మసిగా బయటపడుతుంది. బండి కదిలేటప్పుడు ప్లాట్‌ఫారాన్ని కమ్మే నల్లటి పొగ అదే. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. బండి ఆగి ఉన్నా పొగ ఆగదు. బ్రేకుల్లో గాలి పీడనం, బ్యాటరీల్లో ఛార్జి నిలవడానికి ఇంజన్ ఊరికే తిరుగుతూనే ఉంటుంది. ఆ పని చిన్న సహాయక ఇంజన్‌కు అప్పగిస్తే పెద్దదాన్ని ఆపేయవచ్చు.

అసలు మందు కరెంటు తీగ. దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో కుర్లా వరకు నడిచింది. అయినా 2014 నాటికి తీగ పడింది సుమారు 21,800 కిలోమీటర్లకే. తర్వాతి పదేళ్లలో పని ఊపందుకుని, బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 95 శాతం దాటింది. డీజిల్ ఇంజన్ల కోసం పుట్టిన గుత్తి షెడ్డు ఇప్పుడు కరెంటు ఇంజన్లనూ చూసుకుంటోంది.

తీగ లాభం పొగ తగ్గడంతో ఆగదని చెప్పడానికి కొత్తవలస–కిరండోల్ మార్గాన్ని మించిన ఉదాహరణ దొరకదు. అరకు వెళ్లేవాళ్లకు సొరంగాల దారిగా తెలిసిన ఈ మార్గానికి అసలు పని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు చేర్చడం. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ దాటాక, నిండు వ్యాగన్లు ఘాట్ దిగుతాయి. అంత బరువును అదుపులో పెట్టడమే అక్కడి కష్టం. పాతతరం కరెంటు ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు మోటార్లలో పుట్టిన విద్యుత్తును నిరోధకాల్లో వేడిగా తగలేసేవి. డబ్ల్యూఏజీ-9 వంటి త్రీ-ఫేజ్ ఇంజన్లు దాన్ని 25,000 వోల్టుల తీగలోకి తిరిగి పంపుతాయి. ఖాళీ వ్యాగన్లతో ఎదురెక్కే బండికి ఆ కరెంటే పనికిరావచ్చు. పైగా చక్రాన్ని ఒరిసే బ్రేకు దిమ్మలతో పని తగ్గుతుంది కాబట్టి లోహపు ధూళీ తగ్గుతుంది.

తీగ కిందే నడుస్తూ డీజిల్ తాగిన బండ్లూ ఉన్నాయి. రాజధాని, శతాబ్ది వంటి రైళ్లలో ఏసీకి, దీపాలకు కరెంటు కోసం రెండు చివర్లా జనరేటర్ పెట్టెలు ఉండేవి. ఇప్పుడు ఇంజన్ తానే తీగ నుంచి తీసుకున్న విద్యుత్తును 750 వోల్టులకు మార్చి పెట్టెలకు ఇస్తోంది. హోరు, పొగ రెండూ పోయాయి.

ఆ కరెంటులో అధిక భాగం బొగ్గుదేనన్న అభ్యంతరం నిజమే. అయితే వేల ఇంజన్లకు వడపోత బిగించడం కంటే ఒక్క విద్యుత్ కేంద్రం పొగగొట్టంలో బూడిదను పట్టే పరికరం పెట్టడం సులువు. సౌర, పవన విద్యుత్తు వాటా పెరిగేకొద్దీ ఆ బొగ్గు భాగమూ తగ్గుతుంది.

మిగిలింది దుమ్ము. తెరిచిన వ్యాగన్లలో బొగ్గు పొడి గాలికి లేస్తుంది. ఓడరేవు పక్కనే కాపురముంటున్న విశాఖవాసులకు ఈ బాధ కొత్త కాదు. సరుకును నీళ్లతో తడపడం, టార్పాలిన్ కప్పడం, మూసిన కన్వేయర్లు వాడడం తెలిసిన ఉపాయాలే. ఖర్చు కంటే శ్రద్ధే తక్కువ. రామగుండం విద్యుత్ కేంద్రానికి గనుల నుంచి తిరిగే వ్యాగన్లు అడుగు తెరుచుకుని నేరుగా గుంతలోకి బొగ్గు జారుస్తాయి కనుక పారతో తోడే పని ఉండదు. సిమెంటును మూసిన ట్యాంకు వ్యాగన్లలో తెచ్చి గొట్టాలతో తోడవచ్చు. కానీ దించుకునే చోట నిల్వ గోపురం ఉండాలి. అది లేని చిన్న ఊళ్ల గూడ్స్ షెడ్లకు బస్తాలే వస్తాయి, చినిగిన బస్తా దుమ్ము ముందుగా పడేది హమాలీల ఊపిరితిత్తుల్లోనే. అక్కడ కావలసింది కాంక్రీటు నేల, రోజూ దాన్ని కడగడానికి నీళ్లు, చుట్టూ గోడ, మోసేవాళ్ల ముఖానికి మంచి మాస్కు.